సంచీకి రెండు ముళ్ళు

సంచీని ముందురోజే నానబెట్టాలి.
ఉల్లిపొర కన్నా పలచన.
ఒక కొస ముడేసి, మూడు మిల్లీలీటర్ల పాలనీళ్ళు పోస్తాను.
కంటికానని గుళికలవి, కోటానుకోట్లు,
ఒక్కోదాని కడుపులో ఇసుమంత మందు.
రెండో కొసకి ముడి మా అటెండరు తవిటయ్యే వెయ్యాలి.
పలాసలో జీడిపప్పు బస్తాలు కుట్టిన చెయ్యి.
"ఇది ఇప్పాలంటే కత్తెరే గతి" అంటాడు.

బీకరులో ఉప్పునీళ్ళు. ఒంటివేడి, ముప్పై ఏడు.
అడుగున తెల్లటి అయస్కాంతం గింజ, గిరగిరా.
దీన్ని నెత్తురనుకోవాలి.
అనుకుంటాను.

అరగంటకి. గంటకి. రెండుకి, నాలుక్కి, ఎనిమిదికి
పిపెట్‌తో ఒక మిల్లీ తియ్యాలి.
తీసినంతా తాజాది తిరిగి పొయ్యాలి.
మరిచావా, లెక్కంతా అబద్ధం.
మా ఊళ్ళో బోర్లు దింపినవాళ్ళకి
ఈ రెండో మాట ఎవరూ చెప్పినట్టు లేదు.

ఎనిమిదో గంట రాత్రి రెండున్నరకి పడింది.
చిలకపాలెం హైవే మీద రొయ్యల లారీలు.
ఫోన్లో లోకనాథం మావ.
తెల్లారితే సోంపేటలో బెడ్డెక్కాలి, వారానికి మూడోసారి.
ముందురాత్రి నిద్ర రాదు.
"ఏటే గుంటా, నీ సంచీ ఏటంతంది?"
"కారతంది మావా."
"కారనీ. నాదీ అదే పనికదేటి."

అదే పని. పేరూ అదే, డయాలసిస్.
అతని పొర విషాన్ని వదులుతుంది,
నా పొర మందుని.

సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఉమాకాంతం సార్ అన్నారు,
"మొదటి చుక్క తీసెయ్యమ్మా, గీత అందంగా వస్తుంది."
అరగంటకే నలభై శాతం!
రోజుకింతని నింపాదిగా దిగాల్సిన మందు
ఒకటో తారీకు జీతంలా అయిపోయింది.
తొందరపడి ఊడిపడ్డదంతా
ఎవరి కిడ్నీలు మొయ్యాలి సార్?
అడగలేదు. తల ఊపాను.

మావకీ ఒక కొలగ్లాసు ఉంది.
రోజుకి అరలీటరు, మాత్ర మింగే గుక్కతో సహా.
స్కూలు నోటుబుక్కులో రాస్తాడు, ముత్యాల్లాంటి దస్తూరీ.
మొన్న ఎండలో ఉండబట్టలేక తాగిన గ్లాసుడూ
రాశాడు,
కింద గీత గీసి.
డాక్టరు తిట్టాడట. "రాయకపోతే తిట్టడు గానీ
నీళ్ళు మాత్రం నా ఒంట్లోనే ఉంటాయి గదా."

మొదటి చుక్కని ఉంచాను.
గ్రాఫు గూనిదై లేచింది.

ఆరూ పదికి కరెంటు పోయింది. అయస్కాంతం ఆగింది.
తవిటయ్య చీకట్లో జనరేటరు తాడు లాగుతున్నాడు,
దాన్ని తిడుతూ.
ఏడు నిమిషాలు.
అదీ రాశాను, కింద గీత గీసి.