రసీదు పుస్తకం

మనామాలో హాలు అద్దె పెరిగింది.
ఐదు దినార్ల చందా
జనవరి నుంచి ఎనిమిది.

"గౌరవ సభ్యులకు" అని మొదలెట్టిన ఉత్తరం
గుగ్గిళ్ళ లస్మన్న పేరు దగ్గర ఆగింది.
కంపెనీ జీతాలు ఎగ్గొట్టిన ఏడాది కూడా
ఫిల్సులు ఏరి తెచ్చి కట్టినవాడు.

శుక్రవారం రిహార్సల్‌కి తనే వచ్చాడు.
సిమెంటు ఇరుక్కున్న గోళ్ళతో
ఐదు నోటు మడత విప్పి
"మిగతా మూడుకు కుర్చీలేస్త సారూ" అన్నాడు.

పదకొండేళ్ళుగా
మా ప్రతి నాటకానికీ
కుర్చీలు వేసిందెవరో
అప్పుడు గుర్తొచ్చింది.
ఏ రసీదులోనూ లేదది.

"ఎనిమిది ముట్టినవి" అని రాశాను.
మా వైపు పాత బాకీ ఎంతో
కోశాధికారిని, నాకే తేలలేదు.

లోపల అప్పుడే
కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు.