కింది చెయ్యి

తిరిగే కడ్డీ మీద నలభై ఏడో నంబరు ఎలుక
ఆరు సెకన్లు నిలబడింది.
పక్క గడిలో దాని తోబుట్టువు
ఇంకా నడుస్తూనే ఉంది,
బంద్ రోజు తార్నాక చౌరస్తాలో నడిచినట్టు.

"తాగినోని లెక్క నడుస్తుంది మేడమ్ ఇది"
బోనుల్లో పొట్టు మారుస్తూ గౌసియా.

తాగలేదు.
దాని చిన్నమెదడులో ఒక ప్రోటీన్ లేదు, అంతే.
సెరిబెల్లిన్.
ఒక కణం దాన్ని తన కొస నుంచి వదిలేస్తుంది
చిరునామా రాయని ఉత్తరంలా.
అవతలి కణం అందుకుంటుంది.
వదిలినది కూడా మళ్ళీ దాన్నే పట్టుకుంటుంది.
మధ్యన ఉన్న సందు
వెంట్రుకను కొన్ని వేల పాయలుగా చీలిస్తే
అందులో ఒక్క పాయంత.
ఆ సందులో అది లేకపోతే
రెండు కొసలూ ఎదురెదురుగా ఉండీ
పొరుగింటివాళ్ళలా ఉండిపోతాయి.

ఇదంతా తెలుగులో చెప్పబోయి నేను తడబడుతుంటే
ఆమె చేతులు తుడుచుకుంది.

"మా ఆయన యాకుత్‌పురాల కార్‌చోబ్ పని చేస్తుండె.
చట్రానికి గుడ్డ బిగిస్తరు. పైన సూది.
అందరు పై చెయ్యే చూస్తరు.
దారం అందించేది కింది చెయ్యి, గది కనవడదు.
గది తప్పిందనుకో,
సూది గుచ్చుతది, ఉత్తగ పైకొస్తది.
గుడ్డ నిండ బొక్కలు. పువ్వు రాదు."

మూడేళ్ళుగా నేను చూపించిన స్లైడుల్లో
ఒక్కదాంట్లోనూ ఈ బొక్కల గుడ్డ లేదు.

మంగళవారం నలభై ఏడుకి సూది వేశాం,
చిన్నమెదడులోకి రవ్వంత ప్రోటీన్.
శుక్రవారం అది కడ్డీ మీద నడిచింది.
ఇరవై. నలభై. డెబ్బై సెకన్లు.
గౌసియా చప్పట్లు కొట్టబోయి
ఎలుకలు బెదురుతాయని
చేతులు దుపట్టాలో దాచుకుంది.
కాసేపాగి,
గోడ వైపు చూస్తూ అడిగింది:
"మనుషులకుందా మేడమ్ ఇది?
ఆయన చెయ్యి వణుకుతుంది. కిందిది."

వణుకులన్నీ ఒకటి కావని చెప్పాను.
లేదని చెప్పాను.
ఎలుకలోనూ కొన్ని వారాలకి అది కరిగిపోతుందని,
మళ్ళీ ఆరు సెకన్లేనని,
గ్రాఫులో గీత ఎక్కి, నిలిచి, దిగుతుందని
చెప్పలేదు.

సాయంత్రం హబ్సిగూడ దగ్గర
బస్సు డ్రైవరు బ్రేకు తొక్కాడు.
ఎక్కడా పట్టుకోకుండా నిలబడ్డ నేను
ఊగాను, పడలేదు.
పడ్డ క్షణం రాసుకోవడం నా ఉద్యోగం.
పడకపోవడానికి
నా నోటుపుస్తకంలో గడి లేదు.