వయసు గడి

కాకినాడ శిక్షణలో చెప్పారు:
పొద్దున, పిల్లలంటే పచ్చిమట్టి అని;
మధ్యాహ్నం, కాదు, హక్కులున్న మనుషులని.
రెండూ రాసుకున్నాను. పులిహోర బాగుంది.

మలికిపురం అవతల రొయ్యల షెడ్డు.
ఐసులో నాని ముసలివైన వేళ్ళు.
"వయసెంతమ్మా?"
"గోదారి మా అరుగెక్కిన ఏడు పుట్టేనంట.
ఏ వరదో మీరే చూసుకోండి."

పదమూడు రాస్తే బడి,
పదిహేను రాస్తే మళ్ళీ ఇదే బల్ల.
నా పెన్ను వంక చూస్తోంది
కాటా ముల్లుని చూసినట్టు.

మాదీ లంకే.
వరద వేసిన ఒండ్రు మీద
ముందెవడు అరక కడితే వాడిదే నేల.
పచ్చిమట్టన్న పెద్దమనిషి ఆ సంగతి చెప్పలేదు.

తడిచెయ్యి గౌనుకి తుడుచుకుని
"ఇలాగియ్యండి, పేరు నే రాత్తాను" అంది.
నేలపూడి సువార్త.
ఇంటిపేరుతో సహా, లావుపాటి అక్షరాలు,
పేరు గడి నిండి
వయసు గడిలోకి వచ్చేశాయి.