పద్నాలుగో నంబరు బూడిదరంగు

ఇషబెల్ అక్కా,
సినిమావాళ్లు మన మగ్గం వెతుక్కుంటూ లూయిస్ దీవి దాకా వచ్చారు.
పడవ దిగిన కుర్రాడి బూట్లకి ధర చీటీ ఇంకా ఊగుతోంది.
నీ పుస్తకమే తీస్తున్నారట.
అదే, అట్ట ఊడిపోతే
చేపలు చుట్టిన కాగితం ఆరబెట్టి నువ్వు అట్ట వేసిందే.

పొగమంచు రాణి శాలువా నేను నేయాలట.
రంగుల అట్ట చేతిలో పెట్టాడు.
పద్నాలుగో నంబరు బూడిదరంగు, ముప్పై గజాలు,
ఈస్టర్ లోపల.
"మంచు ఏ రంగులో ఉంటుంది బాబూ?" అన్నాను.
"పద్నాలుగు," అన్నాడు, నవ్వకుండా.

నువ్వు చదివేదానివి గుర్తుందా?
పీట్ గడ్డలు పొయ్యిలో కునుకు తీస్తూ,
గాలి తలుపును భుజంతో నెడుతూ ఉంటే,
పుస్తకంలో ఇంగ్లీషు, నీ నోట్లో మన గేలిక్.
"ఆమె కప్పుకున్నది ఉన్ని కాదు,
తెల్లవారుజామున అలలు ఒడ్డున మరచిపోయిన ఊపిరి."
నాకప్పుడు ఏడేళ్లు.
దుప్పటి కొస నోట్లో కుక్కుకుని
ఆ ఊపిరిని కళ్లారా చూశాను.
దానికి నంబరు లేదు.

నేశాను.
డబ్బులొచ్చాయి, కప్పు మీద రేకులు మార్పించాను.
అబద్ధమెందుకు, కూనిరాగం తీస్తూనే నేశాను.

స్టోర్నోవేలో మొదటి ఆట.
ఎవరి గొర్రె ఏ కొండ మీద నటించిందో చూసుకోవడానికి
ఊరంతా కదిలింది.
శాలువా నాలుగు సెకన్లు,
అదీ చీకట్లో.
సరే, పోనీ అనుకున్నాను.
ఒంటికన్ను పడవవాడు లేనే లేడు!
నది మీద వంతెన కట్టేశారు,
పది గుర్రాలు పక్కపక్కన పరుగెత్తేంత రాతి వంతెన.
కూలి కింద ఒక్క నిజం చెప్పించుకునే మనిషి లేకుండా
రాణి అవతలి ఒడ్డుకి ఎలా వెళ్తుందక్కా,
అంత సులువుగా?

ఒళ్లు మండి పక్కకి తిరిగాను.
రూరీ మనవరాలు ఊనా.
ఒళ్లో పాప్‌కార్న్ ఒలికిపోయింది,
మఫ్లర్ కొస నోట్లో ఉంది,
రెప్ప వేయడం లేదు.
నా మాటలు గొంతులోనే ఉండిపోయాయి.

ఇంటికొచ్చి కళ్లద్దాలు తుడుచుకుని
నేరం రుజువు చేద్దామని పుస్తకం తీశాను.
ఇన్నేళ్లలో దాన్ని నా అంతట నేను చదవడం అదే మొదలు.
నూట పన్నెండో పేజీ:
"ఆమె శాలువా కప్పుకుంది."
అంతే. ఫుల్‌స్టాప్.
అలలు లేవు, ఊపిరి లేదు.
తరువాతి వాక్యం గుర్రపు లాడం గురించి.

నూట నలభయ్యో పేజీలో
పడవవాడు మునిగిపోతాడు,
ఆ ఒక్క కన్నూ తెరుచుకునే.
నువ్వు చదివినప్పుడు మాత్రం
వాడు ఒడ్డుకి ఈదుకొచ్చి, తుమ్మి,
వల ఆరేసుకున్నాడు.
మూడు చలికాలాలు చదివావు,
మూడుసార్లూ తుమ్మాడు.
నాన్న పడవ తిరిగి రానిది
ఆ మొదటి చలికాలమే కదా.

రేయంతా కూర్చున్నాను.
వాళ్లేమో వాణ్ణి పుట్టనివ్వలేదు,
నువ్వేమో చావనివ్వలేదు,
రాసినాయన మాత్రం ఒక్క పేరాలో ముంచేసి
కొత్త అధ్యాయం మొదలుపెట్టాడు.
ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక
టీ పెట్టుకున్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఊనా వచ్చింది.
"సినిమాలో లేనివి కూడా ఇందులో ఉన్నాయట కదా,
చదువుతావా?" అంది.
మిగిలిన గజం గుడ్డ భుజాల మీద కప్పాను.
"ఇదే రాణిదా?" అని తడిమింది.
"గరుకుగా ఉంది," అంది.

ఇప్పుడు నూట ముప్పై ఎనిమిదిలో ఉన్నాం.
వాడు పడవ తాడు విప్పుతున్నాడు.
గాలి మళ్లీ తలుపు మీద భుజం ఆనించింది.
పిల్ల నా పెదాలనే చూస్తోంది, అక్కా.