తోడు

టొలీడోలో మా వంటింటి కుళాయికి
శుక్రవారం రాత్రయితే ఒక దిండుగలీబు వేలాడేది.
లోపల పెరుగు.
చుక్క. చుక్క.
గాజు ఫ్యాక్టరీ తెల్లవారుజాము షిఫ్టుకి
తనని లేపేది అదేననేవాడు నాన్న.

సిత్తో, అంటే మా నాన్నమ్మ ముఫీదా,
కాచిన పాలు దించి చిటికెనవేలు ముంచేది.
అరబ్బీలో పది అంకెలు, తొందర లేకుండా.
పది కాకముందే వేలు పైకొచ్చిందా, పాలింకా వేడి.
పదయినా ఏమీ అనిపించలేదా, నువ్వు ఆలస్యం.
మా ఇంట్లో థర్మామీటరు జ్వరాలకి మాత్రమే.

ఆ తర్వాత నిన్నటి పెరుగు ఒక్క చెంచా.
గిన్నె మీద తాత పాత ఓవర్‌కోటు కప్పి
"పడుకుంది, తలుపులు దబదబలాడించకండి" అనేది.
కోటు తొడుక్కునే మనిషి పోయి పన్నెండేళ్ళు.
జేబులో ఒక బస్సు టికెట్టు ఉండేది,
ఎవరం తియ్యలేదు.

ఆ చెంచాకి ముందొక చెంచా, దాని ముందింకొకటి,
అలా వెనక్కి వెళ్తే
పెరుగులో ముంచి ఎండబెట్టిన చేతిరుమాలు,
బేరూతు రేవులో ఓడెక్కింది, రవికలో దాక్కుని.
ఇది సిత్తో చెప్పే కథ.
నజ్లా అత్తయ్య ఆలివ్ గింజ ఉమ్మి అనేది:
"అంతా అబద్ధం. మొదటి చెంచా ఇక్కడే,
డౌన్‌టౌన్‌లో జహ్లె వాళ్ళ కొట్లో అప్పు తెచ్చింది.
రుమాలు ముక్కు తుడుచుకోడానికి."

జూన్‌లో రైలుపట్టాల కంచె వెంట
అడవి ద్రాక్షాకులు కోసేవాళ్ళం,
అరచేయంతవి, లేతవి, తొడిమ లేకుండా.
పోలీసు కారు ఆగితే సిత్తోకి ఇంగ్లీషు రాదు.
వెళ్ళిపోయాక వచ్చేది,
అందులోనూ నాకు నేర్పకూడని మాటలు.

ఆమె ఫిబ్రవరిలో పోయింది.
చర్చి ఆడవాళ్ళు కిబ్బె పళ్ళేలు మోసుకొచ్చారు,
ఇల్లంతా జనం, సింకు నిండా గిన్నెలు.
ఏడుపు రాకపోతే చేతికి పని చెప్పాలి కదా,
నేను చేతులు మడిచి అన్నీ తోమాను.
అడుగున కాస్త మిగుల్చుకున్న
నీలం అంచు గిన్నె కూడా.
తళతళలాడేలా తోమాను.

తొమ్మిదో రోజు నాన్న పాలు కాచాడు.
ఫ్రిజ్ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి
"తోడేది?" అన్నాడు.
ఆ మాటకి వంటింట్లో ఎవరం జవాబు చెప్పలేదు.

సూపర్ మార్కెట్ డబ్బాతో వేశాం. గడ్డగానే పేరుకుంది.
నాన్న రెండు చెంచాలు తిని
"పెరుగే" అన్నాడు,
చెంచా బోర్లించాడు.

కడిగింది నేనేనని
ఇప్పటికీ ఆయనకి చెప్పలేదు.

మార్చిలో, కంచె అవతలి స్టాసియా
జామ్ సీసా పట్టుకుని మంచులో నడిచి వచ్చింది.
పోలండు ముసలమ్మ, భర్త పోయినావిడ,
బీట్‌రూటు, సోయాకు వేసి
పెరుగుని గులాబీ రంగు చేసి తాగేది.
సిత్తో ముక్కు మూసుకునేది,
మళ్ళీ శనివారానికి ఇంకో చెంచా ఇచ్చేది.

స్టాసియాకి మా సంగతేం తెలియదు.
"నాకు ఎక్కువైంది, పారేయడమెందుకు" అంది.
పాలు వెచ్చబెట్టమని నాన్నకి చెప్పి
చిటికెనవేలు తనే ముంచి మొదలెట్టింది,
వాహద్, త్నేన్, త్లేతె,
పోలిష్ నాలుక మీద దొర్లుతున్న మా అంకెలు,
అర్బా, ఖంసె, సిత్తె, త్మేనె...
ఏడు లేదు.
ఎన్నేళ్ళుగానో లేదు కాబోలు.
నాన్న నవ్వుదామని నోరు తెరిచి
గోడవైపు తిరిగాడు.

ఆ రాత్రి కోటు కప్పాం. తలుపులు మెల్లగా వేశాం.
తెల్లారి పెరుగు మాకలవాటున్న దానికంటే
ఒక అంకె పులుపు.
నాన్న గిన్నె గీకి తిన్నాడు.

ఇప్పుడు నా అపార్ట్‌మెంటులో, ఆదివారాలు,
నేనూ ఏడు మింగేసి లెక్కపెడతాను.
కొంచెం కాలుతుంది.