చిటికెన వేలు

"ప్రధాన ఆదాయం ఒక్కటే చెప్పాలక్కా,
రెండు నొక్కితే ఇది తీసుకోదు"
అన్నాడు సచివాలయం కుర్రాడు
మా అరుగు మీద కూచుని, ట్యాబుకు చెయ్యి గొడుగు పట్టి.

ఒక్కటే అంటే ఏది చెప్పను?

మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా
కొండపి బ్యారన్ల కాడ ఆకు గ్రేడింగు.
మేలాకు, మాడాకు, ముక్కాకు
ఏది ఏ కుప్పో కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది.
పొద్దుగూకేసరికి ఘాటు, తలతిప్పు, మూడొందల యాభై.
చింతపండుతో ఎంత రుద్దినా
అన్నం ముద్ద చేదుగానే దిగుతుంది.
వేలంలో ధర పడిపోయిందని రైతు
"వచ్చే వారం చూద్దాంలే" అంటే
అది నా కూలి కిందికి వస్తుందా
నేను ఆయనకిచ్చిన అప్పు కిందికి వస్తుందా?

మా ఆయన ఇశ్రాయేలు
చీమకుర్తిలో రాళ్ళకు పాలిష్ పట్టేవాడు.
మెరిసే రాయి లారీ ఎక్కి ఓడరేవుకు పోయింది.
దాని పిండి ఆయన రొమ్ములో ఆగిపోయింది.
ఇప్పుడు నెలకు పది రోజులు పోతాడు,
ఇరవై రోజులు దగ్గుతాడు.
నువ్వు ఏ రోజులు రాసుకుంటావు తమ్ముడూ?

ఎండాకాలం కరువు పని ఉంది.
ఉపాధి అని పేరు మార్చారు గానీ
మా నోటికి కరువే అలవాటు.
మేం కందకం తవ్విన డబ్బులు
అందులో వాన నీళ్ళు నిలిచినాక పడ్డాయి.

పాప షారోను బడికి పోతున్నందుకు
ఏడాదికోసారి నా ఖాతాలో వేస్తారు.
పడ్డ పూటే పొదుపు గ్రూపు కిస్తీకి పోయింది.
దాని బ్యాగు జిప్పుకు ఇంకా పిన్నీసే.

చౌక బియ్యంలో మిగిలినవి,
మిగిలినవి కాదు, మిగిల్చినవి,
ఇడ్లీ బండి ఆదెమ్మ తీసుకుంటుంది.
ఇది రాయబాకు.

అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది అప్పు.
నెల తప్పదు. అడక్కపోయినా గుమ్మంలోకి వస్తుంది.
ఆ గడే లేదంటున్నావు నీ దాంట్లో.

"కూలి అని నొక్కనా?"
"నొక్కు."

ఇక మా అత్త పింఛను.
ఒకటో తారీకని చీకటితోనే తలకు పోసుకుని
చెయ్యి పదిసార్లు చీరకు తుడుచుకుంది దీవెనమ్మ.
బొటనవేలు పెట్టింది. పట్టలేదు.
నలభై ఏళ్ళు కర్రలకు ఆకు అల్లిన చెయ్యి అది.
గీతలు దారానికి కొన్ని, జిగురుకు కొన్ని,
అన్నీ ఆ కూలి కిందే పోయినాయి.
చూపుడు వేలు. నడిమి వేలు.
ఉంగరం ఎరగని ఉంగరపు వేలు.
ఎర్ర గుర్తు. మళ్ళీ ఎర్ర గుర్తు.
కండ్లు చూద్దామంటే శుక్లాలు.
"ఆమే ఈమె" అని పల్లె పల్లంతా చెబుతుంది,
మిషను ఒక్కటే ఒప్పుకోదు.

చివరికి ఎడం చేతి చిటికెన వేలు పెడితే
పచ్చగా వెలిగింది.
పనికి సరిగ్గా అందని వేలు అదొక్కటే.

ఎనిమిది ఐదొందలు లెక్కబెట్టుకుని
ఒకటి బైబిల్లో పెట్టింది.
చదువు రాదు గనక, కాగితం నలగని చోటు చూసి.
ఏడు నా చేతికిచ్చింది.
ఎవరికి ఎంత పోతుందో ఆమెకు తెలుసు,
అందుకే అడగలేదు.

"ఇంట్లో పెద్ద సంపాదన ఈ వేలిదే,
ఇంక దానికి పని చెప్పబాకమ్మా"
అని మా ఆయన నవ్వబోయి దగ్గాడు.

ఆమె ఏమీ అనకుండా లేచి
కుళాయి కాడ బిందె ఎత్తింది,
చిటికెన వేలు ఒక్కదాన్ని
అంచుకు తగలకుండా పక్కకు పెట్టి.