బాల్కనీ నుంచి ఒక ఈల

ఆదోనిలో జిన్నింగు మిల్లు సైరను మోగితే
మేం ముసలోళ్ళమై బయటికొచ్చేటోళ్ళం.
కనుబొమల మీద దూది,
మీసం ఇంకా రాని చోట దూది.
కొళాయి కింద తల పెడితే
మళ్ళీ పదిహేనేళ్ళు.

నేనూ, ఉరుకుందూ, ఖాజావలీ.
ముగ్గురికీ కలిపి ఒకటే మంచి చొక్కా,
వంతులేసుకుని తొడుక్కునేది.
ఆ ఆదివారం వంతు ఖాజాది.

జ్యోతిర్మయి టాకీసులో నేలకు నాలుగు రూపాయలు,
బాల్కనీకి పన్నెండు.
మెట్ల దగ్గర జాలీగేటు.
దానికి కాపలా ఉరుకుందు వాళ్ళ మామే.
మమ్మల్ని గుర్తుపట్టకపోవడం ఆయన ఉద్యోగం.

పేరున్న హీరో లేడు, జనం పలచన.
తెర మీద మాలాంటోళ్ళే,
బొగ్గుబస్తాలు మోసే పిల్లలు.
గోనెదారం పేని నెట్టు అల్లుకుని
వాలీబాల్ ఆడతా ఉంటారు.
అవతల కాన్వెంటోళ్ళు. తెల్ల బూట్లు.
బంతి వాళ్ళది. గ్రౌండు వాళ్ళ నాయనది.
రెఫరీ వాళ్ళింట్లో భోంచేసి వచ్చినోడు.

"ఇదంతా ఎవరు చెప్పినార్రా వీళ్ళకు?"
అన్నాడు ఖాజా చీకట్లో,
ఎవరో వాడి ట్రంకుపెట్టె తెరిచినట్టు.

ఇంటర్వెల్లులో ఒగ్గాణి పొట్లం ఒకటి, బజ్జీలు రెండు.
మూడో బజ్జీకి లెక్క కుదరలేదు.
తలెత్తితే
రెయిలింగు మీద మోచేతులానించి
కూల్‌డ్రింకు తాగుతున్నాడు శశాంక.
మిల్లు ఓనరు కొడుకు. మా ఈడోడే.
సెలవులొస్తే కాటా పక్కన కుర్చీలో కూర్చుని
తూకం అంకెలు చదువుతాడు,
పాఠం ఒప్పజెప్పినట్టు, గట్టిగా.
మా అమ్మ పరిగె ఏరి తెచ్చిన పత్తిమూటలో
రెండు కిలోలు తేమ కింద కొట్టేసింది ఆ గొంతే.
వాడి తప్పేం లేదు. పుస్తకంలో అట్లే రాసుండాది.
తప్పు లేకపోవడమే మాకు మండేది.

చివరి పాయింటు.
తెర మీద మావాడు
(సినిమా పేరు మర్చిపోయినా
వాడి మోకాలి గాయం మర్చిపోలేదు)
గాల్లోకి లేచినాడు.
వాడితో పాటు నేలంతా లేచింది.
టవళ్ళు ఎగిరినాయి, ఎవరిదో చెప్పు ఎగిరింది.
ఉరుకుందు రెండేళ్ళు నోట్లో పెట్టి వేసిన ఈలకు
రేకుల కింది పావురాలు చెదిరిపోయినాయి.

అప్పుడు వినపడింది
పైనుంచి ఇంకో ఈల.
సన్నగా,
సగంలోనే గాలైపోయే ఈల.

తిరిగి చూసినాం.
ప్రొజెక్టరు వెలుగు అంచున
శశాంక నిలబడి ఉన్నాడు, చెంపలు తడిగా.
మావాడి కోసం ఏడుస్తున్నాడు.

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.
తెల్ల బూట్ల పక్షాన
ఆ హాల్లో ఒక్కడంటే ఒక్కడూ లేడు.
మరి మేం గెలిచింది ఎవర్ని?

"ఆ బొగ్గు పిల్లోడు తనే అనుకుంటున్నాడ్రా వాడు"
అన్నాడు ఖాజా,
అందరి చొక్కా గుండీలు సర్దుకుంటా.

సోమవారం.
అంకెలు చదువుతా చదువుతా ఆగినాడు శశాంక.
"నిన్న మాట్నీకి వచ్చింటిరి గదా? ఆ చివర్లో..."

"లేదు సార్" అన్నాను.

నా ఈడోణ్ణి సార్ అన్నది అదే మొదలు.
వాడు పుస్తకంలోకి తల దించుకున్నాడు.
"నలభై రెండున్నర."
అంకె పక్కనోడికి కూడా వినపడలేదు.

ముప్పై ఏళ్ళయింది.
మిల్లు మూతబడి, షెడ్డు ఫంక్షన్‌హాలయింది.
కాటా ఉన్న చోట ఇప్పుడు చేతులు కడుక్కుంటారు.
ఎందుకు అబద్ధమాడినానో అప్పుడప్పుడు అడుక్కుంటాను.
మాకున్నది ఆ పాయింటు ఒక్కటే,
దాన్నీ తూకానికి పెట్టబుద్ధి కాలేదేమో.
అది కూడా కాదేమో.

ఆ రాత్రి బేళ్ళ మీద పడుకుని
ఉరుకుందు వాడి ఈలను వెక్కిరించబోయినాడు.
నేనేసినాను, ఖాజా వేసినాడు.
పొట్ట పట్టుకుని నవ్వినాం.
నవ్వి నవ్వి, మళ్ళీ వేసి చూసినాం.

అంత చేతగాని ఈల
మాకెవరికీ రాలేదు.